వెనక వీధి వంతు

ఊళ్ళో అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. తల్లి పెట్టిన పేరు కరెంటు ఆఫీసులో చేరిన ఏడాదే పోయింది. అప్పట్నుంచీ అందరికీ అతను 'కరెంటు'. "కరెంటు ఇటు వచ్చాడా?" అని ఒకరు అడగడం, "ఆయనొచ్చాడు గానీ అదింకా రాలేదు" అని ఇంకొకరనడం, పక్కనున్నవాళ్ళు పకపకా నవ్వడం రోజూ ఉండేదే. అతనూ నవ్వేవాడు. నవ్వక ఏం చేస్తాడు పాపం! స్తంభం ఎక్కినవాడికి కింద నిలబడి సలహాలిచ్చేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు.

ఆ ఉదయం సబ్‌స్టేషనులో ఇంజనీరు గారు అతన్ని కూర్చోమన్నారు. అక్కడే అతనికి గుండెలో రాయి పడింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆయన కుర్చీ చూపించిన పాపాన పోలేదు.

"ఊరి చివర పాత గిడ్డంగి ఉంది చూడు, దాన్లో ఇవాళ ఒక పెట్టె బిగిస్తారు" అన్నారాయన. "విదేశీ కంపెనీ వాళ్ళది. కార్లలో వాడే వైర్ల కట్టలు చేస్తారట. ఇక్కడ పెడదామా, ఏటి అవతలి ఊళ్ళో పెడదామా అని చూస్తున్నారు."

"ఆ పెట్టె ఏం చేస్తుంది సార్?"

"ఏమీ చెయ్యదు. కూర్చుని చూస్తుంది. కరెంటు ఎప్పుడు పోయింది, ఎంతసేపు పోయింది, వోల్టేజి ఎంత పడింది, వారంపాటు అన్నీ గుర్తు పెట్టుకుంటుంది. ఏటి అవతల కూడా ఇలాంటిదే పెట్టారు. నేల, నీళ్ళు, రేవుకి దూరం, అన్నీ రెండూళ్ళకీ ఒకటేనట. ఇక తేలాల్సింది ఇదొక్కటే. ఇన్ని వందల మందికి పని దొరికే సంగతి. అర్థమైందా?"

అర్థం కాకేం! పైనుంచి వచ్చే కరెంటు ఆ ఊరికి ఎండాకాలంలో ఏనాడూ సరిపోదు. "లోడు తగ్గించండి" అని ఫోనొస్తుంది. సబ్‌స్టేషను నుంచి ఊళ్ళోకి వెళ్ళే లైన్లని ఫీడర్లంటారు. ఫోను రాగానే ఒక ఫీడరు తీసేస్తారు. ఇవాళ ఒకరి వంతు, రేపు ఇంకొకరి వంతు. గిడ్డంగి వైపు ఫీడరుకీ ఒక వంతుంది. ఇప్పుడా వంతు ఇంకెవరో మొయ్యాలి.

"ఎవర్ని తీస్తావో నీకే వదిలేస్తున్నానయ్యా" అన్నారు ఇంజనీరు గారు. "ఆస్పత్రి ఫీడరు ముట్టుకోకు. బజారుది తీస్తే షాపులవాళ్ళొచ్చి నా బల్ల మీదే కూర్చుంటారు. కాలనీది తీస్తే మా ఇంట్లో నాకు తిండి దొరకదు."

"తలా కాస్త పంచుదామా సార్?"

"పంచితే నాలుగు చోట్ల గొడవ. ఆ కంపెనీ తరఫున వచ్చిన విదేశీ ఆవిడ ఊళ్ళోనే తిరుగుతూ ఉంటుంది. ఈ వారం కోతంతా ఒక్కచోటే పడాలి, గొడవ అనేదే ఉండకూడదు. అలాంటి చోటేదైనా ఉందా?"

కరెంటు ఒక్క క్షణం ఆలోచించాడు. ఆ తర్వాత అతను అన్న మాట ఎవరూ అనమన్నది కాదు. కుర్చీలో కూర్చోబెట్టినందుకో, తన చేతిలో ఒక పరిష్కారం ఉన్నందుకో, కాస్త గర్వంగానే అన్నాడు.

"వెనక వీధి తీసేద్దాం సార్. అక్కడెవరూ నోరెత్తరు. అంతా మనవాళ్ళే. మా అక్క ఉండేదీ అక్కడే. పరాయివాళ్ళయితే గొడవ గానీ, మనవాళ్ళు సర్దుకుంటారు."

"శభాష్" అన్నారు ఇంజనీరు గారు. "ముందుగా మాత్రం ఎవరికీ చెప్పకు. చెప్పావా, గుంపు కడతారు. అడిగితే రిపేరు, గంటలో వస్తుంది అను."

*

అక్క ఇంటి వసారాలో పాత చెక్క బీరువా ఒకటి వెల్లకిలా పడుకుని ఉంటుంది. లోపల నాలుగు బల్బులు, చిన్న ఫ్యాను, అడుగున నీళ్ళ పళ్ళెం. మూతకి గాజు ముక్క, దాని కింద థర్మామీటరు. గుడ్లు పొదిగే పెట్టె అది. కోడి చేసే పని కరెంటు చేస్తుంది. ఆ వైర్లన్నీ లాగిపెట్టింది తమ్ముడే. బావ పోయాక అక్క దిగులుగా కూర్చుంటే, సెలవు పెట్టి మరీ వచ్చి బిగించాడు.

వీధిలోవాళ్ళు గుడ్లు తెచ్చి ఆమెకిస్తారు. ఎవరి గుడ్డేదో తెలియడానికి పెన్సిలుతో గుర్తు పెడుతుంది. కుండలమ్మే ఆవిడకి చుక్క, పక్కింటివాళ్ళకి గీత, పిండిమర నడిపే మిల్లు తాతకి సున్నా. "నాకు సున్నాయేంటే? ఇంకేం గుర్తూ దొరకలేదా నీకు?" అని తాత ప్రతిసారీ అలుగుతాడు. పొదిగాక సగం పిల్లలు గుడ్లిచ్చినవాళ్ళకి, సగం ఆమెకి. ఇంతవరకూ ఎవరూ పెదవి విరవలేదు. ఆమె చేతివాసి మంచిదని వీధంతా అనేది. ఈసారి పెట్టె నిండా పెట్టింది. పిల్లలు బయటికి రావడానికి ఇంకో వారం ఉంది.

కరెంటు తీసేసి అతను తిన్నగా అక్కడికే వచ్చాడు. ఎందుకొచ్చాడో అతనికే తెలియలేదు. అక్క అప్పటికే పెట్టె మీద దుప్పటి కప్పి, అంచులు బిగిస్తోంది.

"వచ్చావా! మొన్నే కదరా మా వంతు అయింది? మళ్ళీ ఏమొచ్చింది?"

"రిపేరక్కా. గంటలో వచ్చేస్తుంది."

"గంటేనా? గంటయితే దుప్పటి చాలు. ఎక్కువైతే ఇప్పుడే చెప్పరా. బజారులో కుట్టుమిషను వదిన లేదూ, ఆవిడ వసారాలో బల్బుంది. రెండు బుట్టల్లో సర్దుకుని రిక్షాలో పట్టుకుపోతాను. చిటికెలో పని. చల్లబడితే మాత్రం లోపల పిల్లలు ఆగవు. ఇప్పుడు వాటికి ప్రాణమొచ్చేసింది."

"అక్కర్లేదక్కా. గంటే."

"సరే అయితే" అంది అక్క, దుప్పటి మీద చెయ్యి వేసి నిమురుతూ. తమ్ముడు చెప్పాక ఇంకేం కావాలి? లోపలికెళ్ళి టీ తెచ్చింది. అతను ఊదుకుంటూ తాగుతుంటే, ఒక గుడ్డు తీసి, అట్టముక్కకి చేసిన రంధ్రం దగ్గర పెట్టి, బ్యాటరీ లైటు వేసి చూపించింది. గుడ్డులోపల ఎర్రటి సన్నటి నరాలు. వాటి మధ్య నల్లగా ఏదో ఒక్కసారి కదిలింది.

"చూశావా? తంతోంది" అంది నవ్వుతూ. గుడ్డు మీద సున్నా ఉంది. "మిల్లు తాతది. అందుకే అంత రోషం."

అతను టీ గ్లాసు కింద పెట్టేశాడు. పనుందని లేచిపోయాడు.

కరెంటు చీకటి పడ్డాక వచ్చింది.

*

ఆ వారం అలాగే గడిచింది. ఫోను మోగడం, అతను లేచి వెళ్ళి వెనక వీధి స్విచ్చి కిందికి దించడం. పిడి పట్టుకుని దించితే లోపలెక్కడో 'ఠప్'మని ఒక చప్పుడొస్తుంది. ఆ చప్పుడు అతనికి ఉద్యోగంలో చేరినప్పట్నుంచీ ఇష్టం. ఇప్పుడది వినబడినప్పుడల్లా గుడ్డులో కదిలిన ఆ నల్లటిది కళ్ళముందుకొస్తోంది.

అతని క్వార్టరు సబ్‌స్టేషను పక్కనే. అక్కడ ఫ్యాను గిర్రున తిరుగుతూనే ఉంది. రెండో రోజు భోజనానికి వచ్చి ఫ్యాను ఆపేసి కూర్చున్నాడు.

"ఉక్కపోసి చస్తుంటే ఆపుతావేం? నీకేమైనా మతి పోయిందా?" అంది భార్య.

"చలిగా ఉంది" అన్నాడతను, నుదుటి చెమట తుడుచుకుంటూ.

అక్క దగ్గరికి వెళ్ళకుండా ఉందామనుకున్నాడు. వెళ్ళకపోతే అనుమానమొస్తుందేమోనని వెళ్ళేవాడు. వెళ్ళి మళ్ళీ అదే మాట. "ఇవాళ్టితో అయిపోతుందక్కా. గంటలో వచ్చేస్తుంది." అక్క కూడా మళ్ళీ మళ్ళీ అడగడం మానేసింది. సీసాల్లో వేడినీళ్ళు పోసి, గుడ్డల్లో చుట్టి, పెట్టెలో గుడ్ల పక్కన పెడుతూ కనిపించేది. చల్లబడ్డ సీసాలు తీసి, మళ్ళీ కాచి, మళ్ళీ పెట్టేది. వేళ్ళ చివర్లు ఎర్రగా కమిలిపోయాయి. ఒకసారి అతను సీసా అందుకోబోతే, "నువ్వు కూర్చోరా, ఎండనపడి వచ్చావు" అంది. దానికంటే చెంపదెబ్బ కొట్టినా బాగుండేదనుకున్నాడు.

మిల్లు తాత మాత్రం ఊరుకునే రకం కాదు. మర ఆగిపోయి, పిండి కోసం తెచ్చిన సంచులు అరుగు మీద వరుసగా పడి ఉన్నాయి. "ఏమోయ్ కరెంటూ! గంటంటే మీ ఆఫీసులో ఎన్ని గంటలు?" అని వీధి మధ్యలో నిలదీశాడు. "రేపు ఇలాగే ఉంటే నలుగుర్నీ వెంటేసుకుని మీ ఇంజనీరు దగ్గరికొస్తా. చూసుకుందాం."

కరెంటు తలొంచుకుని తప్పుకున్నాడు. కానీ మర్నాడు ఎవరూ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. నేను చెప్పలా, మనవాళ్ళు సర్దుకుంటారని, అనుకున్నాడు. ఆ అనుకోవడంలో ఊరటకంటే ఏదో ఏవగింపే ఎక్కువ కలిగింది.

నాలుగో రోజు సాయంత్రం మేనకోడలు బస్సు దిగి సబ్‌స్టేషను మీదుగా నడిచొస్తూ ఆగింది. పక్క పట్నంలో బట్టల దుకాణంలో పని ఆ పిల్లకి. పొద్దున్నే నిలబడి వెళ్ళడం, పొద్దుపోయాక నిలబడి రావడం. మధ్యలో దుకాణంలోనూ నిలబడటమే. "నా ఉద్యోగమల్లా నిలబడటమే మామయ్యా" అని నవ్వుతుంది గానీ, పాదాలు వాచి చెప్పులు పట్టవు.

"మామయ్యా, నీకు తెలుసా? ఆ విదేశీ ఆవిడ నిన్న మా వీధికొచ్చిందట! అమ్మ పెట్టె దగ్గర కూర్చుందట కూడా!"

కరెంటు స్పానరు పక్కన పెట్టాడు. "ఎందుకూ?"

"ఊరికే నడుచుకుంటూ వచ్చిందట, దుభాషిని వెంటబెట్టుకుని. అమ్మ కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చింది. కరెంటు ఎప్పుడు పోయింది, రోజూ ఇంతేనా, మీరంతా ఏం చేస్తారు అని అన్నీ అడిగిందట. గుడ్డులో పిల్లని చూపిస్తే పొంగిపోయిందట."

"అక్కేం చెప్పింది?"

"ఏం చెబుతుంది? ఉన్నదే చెప్పి ఉంటుంది. మామయ్యా, ఆ ఫాక్టరీ మనకొస్తుందంటావా? వస్తే నడిచి వెళ్ళి నడిచి రావచ్చు. కూర్చుని చేసే పనట!"

అయిపోయింది, అనుకున్నాడతను. ఆవిడకి అంతా తెలిసిపోయింది. అక్క గుడ్లూ పోతాయి, ఈ పిల్ల ఆశా పోతుంది. రెంటికీ చెడ్డ రేవడినయ్యాను. అలా అనుకుంటూనే వెళ్ళి వెనక వీధి స్విచ్చి పైకెత్తాడు. అప్పటికి వీధిదీపాలు వెలిగించే వేళయింది.

*

పిల్లలు బయటికి రావలసిన రోజు తెల్లవారుతూనే అతను అక్క ఇంట్లో ఉన్నాడు. కుండలమ్మే ఆవిడా, పక్కింటివాళ్ళూ, మిల్లు తాతా అప్పటికే వచ్చి వసారాలో నిలబడ్డారు. ప్రతిసారీ ఇలాగే వస్తారు. పెట్టె మూత తీయకముందే లోపల్నుంచి కిచకిచలు వినబడుతుంటే, మాది ముందంటే మాది ముందని ఎగతాళి చేసుకుంటారు.

ఈసారి ఏమీ వినబడలేదు.

అక్క మూత తీసింది. ఎప్పటికో ఒక మూల సన్నగా కిచమని వినిపించింది. తడిసిన పిల్ల ఒకటి పెంకు పక్కన తల వాల్చుకుని ఉంది. ఇంకో నాలుగైదు గుడ్లకి చిన్న చిన్న బీటలున్నాయి. ముక్కుతో పొడవడమైతే పొడిచాయి, చీల్చుకుని వచ్చే సత్తువ లేక అక్కడే ఆగిపోయాయి. మిగిలినవన్నీ గుండ్రంగా, తెల్లగా, పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

అక్క ఒక్కొక్క గుడ్డూ తీసి చెవి దగ్గర పెట్టుకుంది. వినేది, బుట్టలో పెట్టేది. వినేది, బుట్టలో పెట్టేది. చుక్కలు, గీతలు, సున్నాలు ఒకదాని మీద ఒకటి బుట్టలోకి చేరాయి.

"పోనీలేవే" అంది కుండలమ్మే ఆవిడ చివరికి. "ఈసారి నీ చేతివాసి కుదర్లేదు."

"కుదర్లేదు" అంది అక్క.

"కంగారుపడి ఎక్కువ పెట్టేసినట్టున్నావు" అన్నారు పక్కింటివాళ్ళు. "ఆశకి పోతే అంతే."

"అవును, నాదే తప్పు. ఆశకి పోయాను."

మిల్లు తాత ఒక్కడే కరెంటు వంక చూశాడు. నోరు తెరిచాడు. అక్క చటుక్కున తలెత్తి తాత కళ్ళల్లోకి చూసింది. తాత నోరు మూసుకుని, కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు.

అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. అక్క చేతివాసి కాదమ్మా, నా చేతివాసి అని ఒక్క మాట. గోడకానుకుని నిలబడి, తనే లాగిన వైర్లని తనే చూస్తూ ఉండిపోయాడు. వైర్లు ఎంత నీటుగా ఉన్నాయో! ఒక్క వంకర లేదు.

*

పెట్టె తీసుకెళ్ళడానికి విదేశీ ఆవిడ గిడ్డంగికి వచ్చింది. నడివయసు మనిషి, చేతులకి దుమ్మంటుకుంటే ప్యాంటుకే తుడుచుకునే రకం. పక్కనే దుభాషి. బట్టతల, చంకలో గొడుగు, అందరి తరఫునా తనే నవ్వే అలవాటు. ఇంజనీరు గారు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చారు. గోడ మీంచి పెట్టె విప్పేది కరెంటు పని.

ఆవిడ పెట్టెకి ఒక చిన్న యంత్రం తగిలించి చూసింది. తలాడించింది. ఏదో అంది.

"ఒక్కసారి కూడా పోలేదట" అన్నాడు దుభాషి. "చాలా సంతోషం అంటున్నారు."

ఇంజనీరు గారి మొహం చేటంత అయింది. "మా ఊళ్ళో ఎప్పుడూ ఇంతేనండీ. కరెంటు పోవడమనేది..."

ఆవిడ చెయ్యెత్తి ఆపింది. ఈసారి చాలాసేపు మాట్లాడింది. దుభాషి వింటూ మధ్యలో ఒకసారి గొడుగు ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు.

"ఆవిడకి తెలుసట" అన్నాడు. "వెనక వీధిలో తీసి ఇక్కడ ఇచ్చారని. ఆవిడ స్వయంగా వెళ్ళి చూశారట."

కరెంటు చేతిలో స్క్రూడ్రైవరు అలాగే ఉండిపోయింది. ఇంజనీరు గారు మింగలేక కక్కలేక నిలబడ్డారు.

"కంగారు పడకండి" అన్నాడు దుభాషి నవ్వుతూ. "తప్పుపట్టడం లేదు. ఏటి అవతల కూడా ఇలాగే చేశారట. కానీ అక్కడ రెండో రోజే జనం సబ్‌స్టేషను ముందు బైఠాయించారట. ఇంజనీరు భయపడి పెట్టె ఉన్న ఫీడరు తీసి వాళ్ళకిచ్చాడట. అక్కడి పెట్టె నిండా ఆ గొడవే ఉంది. ఈవిడ ఏమంటారంటే, ఇలాంటి దేశాల్లో కరెంటు కొరత మామూలేనట, ఎక్కడికెళ్ళినా ఉంటుందట. ఉన్నది ఎవరికిస్తారన్నదే వాళ్ళు చూసుకునేదట. వెనక వీధిలో ఒకావిడ, గుడ్లు పొదిగే ఆవిడ, కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చి, 'మా తమ్ముడు చెప్పాడు, గంటలో వచ్చేస్తుంది' అందట. ఎన్ని రోజులైందంటే నవ్విందట. అప్పుడే ఈవిడకి మనసు కుదిరిపోయిందట. ఇంత ఓర్పున్న జనం దొరకడం అదృష్టం అంటున్నారు."

విదేశీ ఆవిడ కరెంటు వైపు చూసి మర్యాదగా తల వంచింది. అతనెవరో ఆవిడకి తెలియదు. పెట్టె విప్పినందుకు కృతజ్ఞత, అంతే.

జీపు కదిలాక ఇంజనీరు గారు అతని భుజం తట్టారు. భుజం తట్టడం కూడా అదే మొదలు. "గట్టెక్కించావయ్యా! ఫాక్టరీకి విడిగా లైను లాగుతారు. వాళ్ళకి పగలూ రాత్రీ ఇవ్వాలి. లోడు ఎక్కడ తగ్గించాలో నాకిక తలనొప్పి లేదు. వెనక వీధికి ఎలాగూ అలవాటైపోయింది, దాన్నే ఖాయం చేసేస్తాను. నిన్ను ఆ కొత్త లైను మీద వేస్తాను. ఏమంటావు?"

కరెంటు స్క్రూలు నాలుగూ ఏరి జేబులో వేసుకున్నాడు.

*

కబురు అతనికంటే ముందే వీధికి చేరింది. అక్క గుమ్మంలో కూర్చుని బియ్యంలో రాళ్ళేరుతోంది. మేనకోడలు లోపల అద్దం ముందు నిలబడి, ఫాక్టరీకి వెళ్ళేప్పుడు జడ ఎలా వేసుకోవాలో చూసుకుంటోంది. ఆ ఉన్న ఒక్క కోడిపిల్లా చేటలోకి ఎక్కి దిగుతోంది.

"రారా, నోరు తీపి చేసుకుందువుగాని" అంది అక్క. "మనకే వచ్చిందటగా!"

అతను మెట్టు మీద కూర్చున్నాడు.

"అక్కా, గంటలో వస్తుందన్నది అబద్ధం. రిపేరూ లేదు, ఏమీ లేదు."

అక్క చేతులు ఆగలేదు. "తెలుసురా."

"తెలుసా?"

"డాబా ఎక్కితే తెలియదూ? ఊరంతా దీపాలు, మన వీధి ఒక్కటీ గుడ్డి. మొదటి రోజే తెలిసింది."

"మరి గుడ్లు బజారుకి ఎందుకు తీసుకెళ్ళలేదక్కా? కుట్టుమిషను వదిన ఇంటికి..."

"ఎలా తీసుకెళ్ళనురా? నేను బుట్టలు మోసుకుని బయల్దేరితే వీధి చూడదూ? కరెంటు మాట సొంత అక్కే నమ్మట్లేదంటారు. ఇక నిన్ను బతకనిస్తారా? మిల్లు తాత అందర్నీ పోగేసి బయల్దేరితే నేనే కాళ్ళావేళ్ళా పడి ఆపాను. వాడి ఉద్యోగం తాతా, వాడి చేతిలో ఏముంది, పైవాళ్ళు చెప్పింది చేస్తాడు అని."

అతనికి ఏడుపొచ్చింది. ఎదురింటివాళ్ళు చూస్తున్నారని మొహం తిప్పుకున్నాడు. అలా తిప్పుకునే, గిడ్డంగిలో విన్నదంతా చెప్పాడు. ఏటి అవతలివాళ్ళు బైఠాయించడం, మంచినీళ్ళు, నవ్వు, ఓర్పు, అన్నీ.

అక్క చేట పక్కన పెట్టింది. "అంటే మేం కూడా వచ్చి అరిచి ఉంటే?"

"ఫాక్టరీ వచ్చేది కాదు."

లోపల కూతురు జడ విప్పి మళ్ళీ అల్లుతోంది. అక్క అటు చూసింది. చాలాసేపు చూసింది.

"ఇంకా నయం, అరవలేదు" అంది.

ఆ మాటకి అతను సిద్ధంగా లేడు. తిడుతుందనుకున్నాడు, ఏడుస్తుందనుకున్నాడు. ఆమె మొహంలో నిజంగానే ఊరట కనిపించింది. గుడ్లు ఊరికే పోలేదన్న ఊరట. చేట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది కూడా.

"అయిందేదో అయింది. ఇక కరెంటు పోదుగా? వీధివాళ్ళని బతిమాలి మళ్ళీ గుడ్లు పెట్టుకుంటాను. తాత ఇస్తాడు. అలిగినా ఇస్తాడు. వచ్చేవారం పెట్టుకోనా?"

పెట్టుకో అక్కా అనడం ఎంత తేలిక! నోటి చివరిదాకా వచ్చింది. వారంపాటు అలవాటైన నోరు.

"పెట్టుకోకక్కా."

"ఏం?"

"ఫాక్టరీకి పగలూ రాత్రీ ఇవ్వాలట. కరెంటు తక్కువైనప్పుడల్లా కోత మన వీధికే. ఖాయం చేసేశారు."

"ఎన్నాళ్ళు?"

"ఎప్పుడూ."

అక్క లేచి నిలబడింది. కోడిపిల్ల బెదిరి పక్కకి పరిగెత్తింది. "మన వీధే ఎందుకురా? ఇన్ని వీధులుండగా మన వీధి పేరు ఆ పైవాళ్ళకి ఎవరు చెప్పారు?"

అతను తలెత్తలేదు.

"నేనే చెప్పాను. మన వీధి పేరు ఎవరూ ఎత్తకముందే నేనే చెప్పాను. అక్కడెవరూ నోరెత్తరు, మా అక్క ఉండేది అక్కడే అని."

అతను ఎదురుచూశాడు. ఒక్క తిట్టయినా తిడితే బాగుండును. "తిట్టక్కా" అన్నాడు. "చెప్పుచ్చుకుని కొట్టినా పడతాను."

ఆమె అతన్ని దాటుకుని వీధిలోకి దిగింది. ఎప్పుడూ గుమ్మం దాటి గొంతెత్తని మనిషి, వీధి మధ్యకి వెళ్ళి పిండిమర వైపు తిరిగి పిలిచింది.

"తాతా! ఓ తాతా! ఒకసారి ఇలా రా! కుండలమ్మే వదినా, మీరూ రండి!"

తలుపులు తెరుచుకున్నాయి. లోపల్నుంచి మేనకోడలు సగం అల్లిన జడతో గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "ఏంటమ్మా?" అంది. అక్క కూతురి వంక ఒక్కసారి చూసి, కళ్ళు తిప్పేసుకుంది. మిల్లు తాత చొక్కా నిండా పిండితో, మరని తిరుగుతూనే వదిలేసి వచ్చాడు. ఒక్కొక్కరే చేరారు.

అక్క వెనక్కొచ్చి తమ్ముడి చెయ్యి పట్టుకుని మెట్టు మీంచి లేపింది. చిన్నప్పుడు బడికి తీసుకెళ్ళేప్పుడు పట్టుకున్నట్టే, మణికట్టు దగ్గర పట్టుకుంది. కమిలిన వేళ్ళు గరుకుగా తగిలాయి.

"నాకు చెప్పినదంతా వీళ్ళకీ చెప్పు" అంది. "గంటలో అని మాత్రం అనకు."